నేలదాకా పెరిగిన జుట్టు

వదిన వచ్చిన సాయంత్రం తలుపు తీసిన నాకు మొదట కనిపించింది వదిన కాదు, పొట్లాలు. ఆమె చేతిలోని మూతబుట్టలోంచి గుప్పెడంత కుక్క ఒకటి తల బయటపెట్టి నన్ను చూస్తోంది. నడినెత్తిన ఒక పొట్లం, చెవులకి చెరొకటి, మూతికి అటొకటి ఇటొకటి, ఇక వీపు మీంచి తోకదాకా వరసగా తెల్లకాగితం పొట్లాలు. ఒక్కోదానికీ ఒక సన్నటి రబ్బరుబ్యాండు. బయట కుండపోతగా వాన. దారి పొడుగునా గొడుగు బుట్ట మీదే పట్టినట్టుంది. బుట్ట పొడిగా ఉంది, వదిన నిలువునా తడిసి ముద్దయింది.

"అయ్యో, దీనికేమైంది వదినా? దెబ్బలా?"

"కాదు, జుట్టు," అంది వదిన.

మా ఆయన గదిలోంచి పరుగున వచ్చాడు. "అక్కా! ఒక్క ముక్క చెప్పకుండా ఈ వానలో ఏంటిది? బావ రాలేదా?"

"దీనికి తడి తగలకూడదురా. పొడి తువ్వాలు ఉంటే ఇవ్వు."

తువ్వాలు ఇచ్చాం. ఆమె ముందు కుక్క పాదాలు అద్దింది, తరవాత తన తల తుడుచుకుంది. వెనకాలే పెద్ద పెట్టె ఒకటి గుమ్మంలో ఉందని అప్పుడు చూశాను. రెండ్రోజులకి వచ్చినవాళ్ళు తెచ్చుకునే పెట్టె కాదది.

మా ఇంటి సంగతి ముందు చెప్పాలి. మూడో అంతస్తులో రెండు గదులు, ఒక వంటిల్లు. ఒక గది మాది, ఒకటి మా అమ్మాయిది. ఆ ఏడాది దానికి పెద్ద పరీక్షలు. తా దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టు, వదినకీ ఆమె కుక్కకీ అమ్మాయి గది ఇచ్చి, అమ్మాయిని పుస్తకాలతో సహా హాల్లోకి, భోజనాల బల్ల దగ్గరికి తెచ్చాం. అది తింటున్న మా ముందు చదువుకునేది, చదువుతున్న దాని ముందు మేం తినేవాళ్ళం.

"అత్త ఎన్నాళ్ళుంటుందమ్మా?" అని అడిగింది మొదటి వారమే.

"తప్పు, అలా అడక్కూడదు," అన్నాను. నేను అడగాలనుకున్నదీ అదే.

వదిన భర్తని నేను అన్నయ్య అంటాను. ఆయన పొడుగుజుట్టు చిన్నకుక్కలని పెంచి ప్రదర్శనలకి తీసుకెళ్తాడు. వాళ్ళింట్లో గోడలు కనిపించవు, గెలిచిన కప్పులే కనిపిస్తాయి. తాగడు, తిట్టడు, గట్టిగా మాట అన్న పాపాన పోలేదు. బంధువుల్లో ఎవరి మొగుడినైనా తిట్టుకోవాల్సి వస్తే, చివర్న "ఆయన్ని చూసి నేర్చుకోవాలి" అనేవాళ్ళం. అలాంటి మనిషిని వదిలి వదిన వచ్చేసిందా? లేక చుట్టపుచూపుగా వచ్చిందా? ఎవరికీ తెలియదు. తెలిసిన ఒకే ఒక్క మనిషి నోరు విప్పదు.

నేను కళ్ళద్దాల కొట్లో పనిచేస్తాను. పరీక్ష కుర్చీలో కూర్చున్నవాళ్ళ కళ్ళముందు బిళ్ళలు మారుస్తూ, "ఇది స్పష్టంగా ఉందా? ఇదా?" అని పొద్దస్తమానం అడగటమే నా పని. సాయంత్రం ఇంటికొస్తే, ఏ బిళ్ళ పెట్టినా మసకే.

మా ఆయన లిఫ్టుల మెకానిక్కు. ఏ విషయాన్నైనా లిఫ్టుతో పోలిస్తే గాని అర్థం చేసుకోడు. "రెండంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టులో ఉన్నవాళ్ళని బయటినుంచి తలుపు బాది భయపెట్టకూడదు. కాసేపు ఆగితే పైకో కిందకో దానంతటదే వస్తుంది," అన్నాడు.

"పైకంటే ఎటు, కిందకంటే ఎటు?"

"అదే, బావ దగ్గరికి. ఇంకెక్కడికి?"

* * *

కుక్కకి కాగితాల మీద రాసే పేరు ఏదో పొడుగాటిది ఉంది. వదిన మాత్రం 'కుచ్చు' అని పిలిచేది. ఆ కుచ్చు కోసం మా ఇల్లు మెల్లిగా తన అలవాట్లు మార్చుకుంది.

నీళ్ళు గిన్నెలో పోయకూడదు, మూతి వెంట్రుకలు తడుస్తాయి. గోడకి కట్టిన సీసా గొట్టంలోంచి చుక్కచుక్కగా నాకాలి. అన్నం చెంచాతో పెట్టాలి. ఆ పొడుగు జుట్టు చిక్కుకుంటుంది కనక గరుకు పట్టాలన్నీ చుట్టి అటక మీద పెట్టేశాం. గోక్కుంటే వెంట్రుకలు తెగుతాయని వెనక కాళ్ళకి చిన్న గుడ్డమేజోళ్ళు. పడుకునే దిండుకి పట్టుగలీబు, కింద ఇంటి దర్జీ దగ్గర మిగిలిన ముక్కలు తెచ్చి వదినే కుట్టింది. ఆ దర్జీ మెట్ల మీద నేను కనిపిస్తే చాలు, "ఏమ్మా, మీ ఇంటి యువరాణీగారికి ఇంకేమైనా కావాలా? మాకు పట్టు దిండ్ల భాగ్యం లేదు, కనీసం కుక్కగానైనా పుట్టలేదు," అనేవాడు.

సాయంత్రం వదిన కుచ్చుని బల్ల మీద నిలబెట్టి పొట్లాలు విప్పేది. రబ్బరుబ్యాండు లాగదు, చిన్న కత్తెరతో తెంపుతుంది. లాగితే వెంట్రుక వస్తుందట. విప్పిన పాయ మీద నూనె కలిపిన నీళ్ళు మంచులా చల్లి, చివర్నుంచి మొదలుపెట్టి పైకి దువ్వుతుంది. పొడి జుట్టుకి దువ్వెన తగలనివ్వదు. చిక్కు కనబడితే వేళ్ళతో ఒక్కో వెంట్రుకా విడదీస్తుంది. తరవాత కాగితాన్ని పొడుగ్గా మడిచి, అందులో పాయని పెట్టి, కప్పి, కిందనుంచి పైకి మడతలు వేసి మళ్ళీ పొట్లం కడుతుంది. పొట్లం వెనక పొట్లం. చూస్తే పొద్దుటికీ సాయంత్రానికీ జుట్టు ఒకేలా ఉంటుంది. రోజూ విప్పటం, రోజూ కట్టటం.

"విప్పి మళ్ళీ కట్టేదానికి, విప్పటం ఎందుకు వదినా?" అన్నాను ఒకసారి ఉండబట్టలేక.

"విప్పకపోతే లోపల ఉండకట్టిపోతుంది అమ్మాయ్. పైకి పొట్లం బాగానే కనిపిస్తుంది."

"ఎంతవరకు పెంచాలి?"

"నేలదాకా."

"నేలదాకా పెరిగాక?"

"వానాకాలం చివర్న ప్రదర్శన ఉంది. అప్పటికి రావాలి."

హమ్మయ్య అనుకున్నాను. ఎప్పుడు వెళ్తావని అడగలేని నాకు జవాబు దొరికింది. ఆ రోజునుంచి వదిన పొట్లాలు విప్పినప్పుడల్లా నా చూపు కుక్క పొట్ట కిందకే పోయేది. వెంట్రుకల చివర్లకీ బల్లకీ మధ్య ఇంకా రెండు వేళ్ళ సందు. ఆ సందు ఎప్పుడు పూడితే అప్పుడు మా అమ్మాయికి గది. నా సొంత జుట్టు పెరగాలని కూడా నేనెప్పుడూ అంత కోరుకోలేదు. పొద్దున్నే వంటింట్లోంచే కేకేసేదాన్ని: "వదినా, దానికి నూనె చల్లారా?"

"అత్తా, నాక్కూడా కొంచెం ఆ నూనె పెట్టవూ? కుక్క జుట్టు నా జుట్టు కన్నా బాగుంది," అని మా అమ్మాయి మూతి ముడిచేది.

"నువ్వు గోక్కోకుండా ఉంటానంటే పెడతాను. కాళ్ళకి మేజోళ్ళు తొడుక్కుంటావా?"

ముగ్గురం నవ్వాం. వదిన నవ్వితే ఎడమ చెంప మీద సొట్ట పడుతుందని అప్పుడే చూశాను. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆమె నవ్వటం నేను చూడలేదా, చూసి మర్చిపోయానా?

* * *

అన్నయ్య వారం వారం ఫోన్ చేసేవాడు, మా ఆయనకి. "చివర్లు ఎలా ఉన్నాయట? చెవుల దగ్గర పలచబడలేదు కదా?" మా ఆయన ఫోన్ చెవికి ఆనించుకునే గుమ్మంలో నిలబడి వదినని అడిగి చెప్పేవాడు. ఒక్కోసారి, "నువ్వే మాట్లాడు అక్కా," అని ఫోన్ చాపేవాడు. ఆమె రెండు చేతులూ ఎత్తి చూపించేది. మోచేతులదాకా నూనె.

వానలు మధ్యలో ఉన్నప్పుడు ఒక ఆదివారం ఆయనే వచ్చాడు. గుమ్మంలో బూట్లు శుభ్రంగా తుడుచుకుని, గొడుగు బయటే మడిచిపెట్టి, "అమ్మాయ్, బావున్నావా?" అని నన్ను పలకరించి కూర్చున్నాడు. మా ఆయన నాకేసి కళ్ళెగరేశాడు, చెప్పానా, అన్నట్టు. నేను కాఫీ కలిపే నెపంతో వంటింట్లోకి పోయి, చెవులు మాత్రం హాల్లోనే వదిలేశాను.

"ఏదీ, చూద్దాం," అన్నాడు అన్నయ్య.

వదిన కుచ్చుని బల్ల మీదికి తెచ్చి పొట్లాలు విప్పింది. ఆయన ఒక పాయని దువ్వెన మీదికి తీసుకుని కిటికీ వెలుగుకి పెట్టి చూశాడు. ఇంకో పాయ. చెవి వెనక. చంక కింద. చాలాసేపు చూశాడు.

"చివర్లు చిట్లలేదు. బాగా తెచ్చావు," అన్నాడు.

వదిన తల ఊపింది.

ఆయన సంచీలోంచి ఒక సీసా తీశాడు. "నీ నూనె. అయిపోయి ఉంటుందేమోనని."

ఆమె రెండు చేతులతో అందుకుంది. కాఫీ కప్పులు పట్టుకుని గుమ్మంలో ఆగిపోయాను. పెళ్ళాం నూనె సీసా గుర్తుపెట్టుకుని వానలో ఇంత దూరం తెచ్చే మగవాళ్ళు ఎంతమంది ఉంటారు? మా ఆయనకి నేను ఏ సబ్బు వాడతానో ఇప్పటికీ తెలియదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనైంది. ఆ వెంటనే ఒక అనుమానం. ఆ నూనె ఆమె తలకి పెట్టుకునేది కాదు కదా.

కాఫీ తాగి లేచాడు. గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ, తల ఎత్తకుండా, "ఒంట్లో ఎలా ఉంటోంది?" అన్నాడు.

"బాగానే తింటోంది. నిద్రే కాస్త తక్కువ," అంది వదిన.

ఆయన అడిగింది ఎవరి గురించో, ఆమె చెప్పింది ఎవరి గురించో, ఇన్నేళ్ళ తరవాత కూడా నేను తేల్చుకోలేకపోయాను. ఆయన మెట్లు దిగుతుంటే వదిన కిటికీలోంచి చూడలేదు. నేను చూశాను. సందు చివరిదాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. తిరగలేదా, లేక గొడుగు అడ్డొచ్చి నాకు కనిపించలేదా?

ఆ సాయంత్రం మా ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "చూశావా? వద్దనుకున్న సంసారానికి ఎవరైనా ఇంత చాకిరీ చేస్తారా? కోపమంతా దిగిపోయింది. ప్రదర్శన రోజున ఇద్దరూ అక్కడే కలుస్తారు, కప్పొస్తుంది, ఫోటో తీస్తారు, కారెక్కుతారు. అంతే."

"కోపం అంటున్నారు. దేనికి కోపం?"

"అదే తెలిస్తే నేనే దింపేసేవాణ్ణిగా!"

* * *

వదినకి జ్వరం వచ్చింది. రెండో రోజుకి లేచి నిలబడలేకపోయింది. మంచం మీంచే, "ఇవాళ పొట్లాలు మార్చాలి అమ్మాయ్," అంది.

"నేను మారుస్తాను. మీరు పడుకోండి."

చూసి చూసి చేతికి వచ్చేసిందనే అనుకున్నాను. బల్ల వదిన మంచం పక్కకే లాగి, కుచ్చుని నిలబెట్టి మొదలుపెట్టాను. కత్తెరతో తెంపాను. నీళ్ళు చల్లాను. చివర్నుంచి దువ్వాను. ఆ జుట్టు వేళ్ళ మధ్యనుంచి జారుతుంటే ఏదో నిద్రలాంటి హాయి. వీపు పొట్లాలు చక్కగా కుదిరాయి. నెత్తిన పొట్లం కాస్త ఒరిగింది. చెవులు కూడా కట్టి, "అయిపోయింది వదినా, చూడండి, మీ అంత కాకపోయినా…" అంటున్నాను.

కుచ్చు చిన్నగా కుయ్‌మంది. రోజూ చేసే గారాబం మూలుగులాంటిదే అనుకున్నాను.

జ్వరంతో మూసిన కళ్ళు మూసినట్టే ఉన్న వదిన దిగ్గున లేచింది. నన్ను పక్కకి నెట్టి, ఎడమ చెవి పొట్లాన్ని పట్టుకుని, కత్తెర మొన దూర్చి రబ్బరుబ్యాండు తెంపేసింది. కాగితం ఊడి పడింది. జుట్టుతో పాటు చెవి కొసని కూడా మడిచి కట్టేశాను నేను. కొస తెల్లగా పాలిపోయి ఉంది. వదిన దాన్ని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, మెల్లగా రుద్దుతూ, నోటితో వెచ్చగా ఊదుతూ కూర్చుంది. తిరిగి రంగు వచ్చేదాకా వదల్లేదు.

"నాకు తెలియలేదు వదినా. అంతా మెత్తగానే ఉంది…"

"అంతా మెత్తగానే ఉంటుంది." ఆమె గొంతులో కోపం లేదు. "పొట్లం కట్టేముందు వేలితో తడిమి చూసుకోవాలి. ఎక్కడిదాకా జుట్టు, ఎక్కడినుంచి ఒళ్ళు. పైకి తేడా కనిపించదు. అదేమో అరవదు. ఓర్చుకుంటుంది. ఓర్చుకుని ఓర్చుకుని, ఒకరోజు చూస్తే ఆ ముక్క ఎండి రాలిపోతుంది."

"అలా ఎప్పుడైనా…?"

"వేరేవాళ్ళ కుక్కలకి. మా ఇంట్లో కాదు. మా ఇంట్లో ఎప్పుడూ ఏదీ పాడవలేదు."

మళ్ళీ పడుకుంది. కుచ్చుని పొట్ట దగ్గర పెట్టుకుంది. నేను పోయి వంటలో పడ్డాను గాని, మర్నాడంతా కొట్లో ఎవరికి ఏ బిళ్ళ పెట్టానో గుర్తులేదు. ఒక పెద్దాయన విసుక్కున్నాడు, "అమ్మా, ఇదే బిళ్ళ మూడోసారి పెడుతున్నారు," అని.

జ్వరం తగ్గాక ఆమే నాకు దగ్గరుండి నేర్పించింది. సాయంత్రాలు చెరో పక్క కూర్చుని చెరో వైపు కట్టేవాళ్ళం. బయట చినుకులు, మధ్యలో బల్ల మీద కునికిపాట్లు పడుతూ కుచ్చు, హాల్లో మా అమ్మాయి వల్లెవేస్తున్న పాఠం. ఆ సమయం కోసం నేను కొట్లోంచి త్వరగా బయల్దేరటం మొదలుపెట్టానని నాకు నేను కూడా ఒప్పుకోలేదు. గది ఖాళీ కావాలనే ఉంది. ఈ సాయంత్రాలు కూడా ఉండాలనే ఉంది. రెండూ ఎలా కుదురుతాయో ఆలోచించలేదు.

ఒకసారి అడిగాను. "ఇంత చేస్తారు, ప్రదర్శనలో మీరు ఎప్పుడూ దీన్ని పట్టుకుని నడవలేదా వదినా?"

"నా పని బరి బయట. నడిపించేది ఆయనే." కొత్త కాగితం తీసుకుని, "ఒక్కసారి నడిపించాను, దీని అమ్మమ్మని. ఆయనకి కాలు బెణికింది."

"ఏమైంది?"

"రెండో బహుమతి వచ్చింది."

"రెండోదా! బాగుందే!"

"ఆయనా అలాగే అన్నారు. 'రెండోదా, బాగుందే,' అన్నారు."

ఇందులో తప్పు పట్టడానికేముంది? మంచి మాటే కదా! కానీ వదిన చేతిలో కాగితం మడత మీద మడత పడి పాయకి పనికిరానంత చిన్నదైపోయింది. దాన్ని పక్కన పడేసి ఇంకోటి తీసుకుంది.

* * *

వానలు వెనకబట్టాయి. వెంట్రుకలకీ బల్లకీ మధ్య సందు పూడిపోయింది.

ప్రదర్శన పొద్దున, వదిన కుచ్చుని బుట్టలో పెట్టుకుని మొదటి బస్సుకే ముందు వెళ్ళిపోయింది, అక్కడ చేసే పని చాలా ఉంటుందని. ఆమె మెట్లు దిగగానే మా ఆయన, "పద, పెట్టె సర్దు," అన్నాడు.

"ఆమెకి చెప్పకుండానా?"

"చెబితే మొహమాటపడుతుంది. బావ కారులో అటునుంచి అటే వెళ్ళిపోతారు. మళ్ళీ పెట్టె కోసం ఇంత దూరం రావటం ఎందుకు? నేను బావతో మాట్లాడాను కూడా. 'సరే, తెండి' అన్నాడు."

నేనే సర్దాను. గదిలోకి పోయి, అలమరలో ఆమె బట్టలన్నీ తీసి మడతపెట్టాను. మంచం కింద చెప్పులు, అద్దం దగ్గర దువ్వెన, కిటికీలో ఆరేసిన చేతిరుమాలు. ఏదీ మర్చిపోకూడదని రెండుసార్లు వెతికాను. అంత శ్రద్ధ దేనికని నన్ను నేను అడగలేదు. మా అమ్మాయి అప్పుడే పుస్తకాలు చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

ప్రదర్శన హాలు నిండా బల్లలు, బల్లకో కుక్క, కుక్కకో కుటుంబం. జుట్టు ఆరబెట్టే యంత్రాల హోరు. పెట్టె మోసుకుంటూ జనంలో వెతుక్కుంటూ పోయాం. వదిన మాకు వీపు పెట్టి వంగి ఉంది. పక్కన అన్నయ్య, ఇస్త్రీ చేసిన కోటులో. ఆమె ఆఖరి పొట్లం విప్పి, దువ్వి, వెనక్కి జరిగింది.

నేను రోజూ చూసిన కుక్కే. రోజూ ముక్కలు ముక్కలుగా, పాయలు పాయలుగా చూసిన జుట్టే. అంతా ఒక్కసారి విప్పి చూడటం అదే మొదలు. వీపు మధ్య పాపిట నుంచి రెండు వైపులా నేలదాకా జారి, కాళ్ళు కనబడకుండా కప్పేసింది. కుచ్చు ఒక్క అడుగు వేస్తే, పళ్ళెంలో నీళ్ళు కదిలినట్టు జుట్టంతా కదిలింది. "అబ్బ!" అన్నాను పైకే. పక్క బల్లల వాళ్ళు కూడా చేస్తున్న పని ఆపి చూశారు.

అన్నయ్య దాన్ని తీసుకుని బరిలోకి వెళ్ళాడు. వదిన బరి చుట్టూ కట్టిన తాడు బయట, చేతిలో దువ్వెనతో నిలబడింది. న్యాయనిర్ణేత వంగి చూసింది, పాయ ఎత్తి చూసింది, నడిపించమంది, ఆగమంది. గెలవాలా? గెలిస్తే వదిన వెళ్ళిపోతుంది. ఓడిపోతేనో? ఇంత కష్టం… నేను ఏం కోరుకుంటున్నానో తెలిసేలోపే చప్పట్లు మోగాయి. కుచ్చు గెలిచింది.

ఫోటో తీసేవాడు కేకేశాడు. "అమ్మగారు, మీరు కూడా రండి, సారు పక్కన."

"నా నీడ జుట్టు మీద పడుతుంది, తీసుకోండి," అని వదిన ఇవతలికి వచ్చేసింది.

అన్నయ్య కుచ్చుని ఎత్తుకుని బల్ల దగ్గరికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "కారు వెనక గేటు దగ్గర పెట్టాను. నీ పెట్టె వచ్చిందా?"

"తెచ్చాం బావా!" మా ఆయన పెట్టెని ముందుకు తోశాడు.

వదిన పెట్టె వంక చూసింది. తరవాత మా ఆయన వంక. తరవాత నా వంక. నేను చీర కొంగుతో విసురుకుంటున్నదాన్ని ఆపేశాను.

ఆమె బల్ల మీద దువ్వెనలు, కాగితాలు, బ్యాండ్లు, నూనె సీసా అన్నీ ఒక సంచీలో వేసి అన్నయ్య చేతికిచ్చింది. "ఎడమ చెవి వెనక తొందరగా చిక్కు పడుతుంది, చూసుకోండి. రేపే పొట్లాలు కట్టేయాలి. స్నానం చేయించాక తడి ఉండగా కట్టకండి." కుచ్చు నెత్తిన రిబ్బను సరిచేసింది. అది ఆమె వేలు నాకింది. ఆ వేలుని ఆమె మడిచి పిడికిట్లో పెట్టుకుంది.

తరవాత వంగి, పెట్టె పిడి పట్టుకుని, వెనక గేటు వైపు కాకుండా, మేము వచ్చిన ముందు గేటు వైపు నడిచింది.

అన్నయ్య కుక్కని ఎత్తుకుని అలాగే నిలబడిపోయాడు. "ఏమైంది?" అన్నాడు మా వైపు తిరిగి. నిజంగానే ఆయనకి అర్థం కాలేదు, ప్రమాణం చేసి చెప్పగలను. "అంతా బాగానే వచ్చిందిగా. చివర్లు కూడా చిట్లలేదు…"

"ఉండు బావా, నేను మాట్లాడతాను," అని మా ఆయన అన్నయ్య భుజం పట్టుకున్నాడు. నేను వదిన వెనకాల పరుగెత్తాను.

* * *

బస్సులో పెట్టె మా ఇద్దరి కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాం. ఆమె చేతులు ఒళ్ళో ఉన్నాయి. వాటికి ఏం చేయాలో తోచటం లేదు, ఒకదాన్నొకటి పట్టుకుని వదులుతున్నాయి.

"కుచ్చు…?" అన్నాను.

"అది ఆయనది."

"మరి ఈ వానాకాలమంతా చేసిందంతా…"

"మధ్యలో వదిలేస్తే చిక్కులు పడిపోతుంది అమ్మాయ్. ఆ తరవాత కత్తిరించటమే. దాని తప్పేముంది?" కిటికీ వైపు తిరిగింది. "చేతిలో ఉన్న పని చేసిచ్చేసి రావాలనుకున్నాను. ఇచ్చేశాను."

"అన్నయ్య ఏమన్నా అన్నారా? ఏం చేశారు?"

"ఏమీ అన్లేదు. ఏమీ చెయ్యలేదు. మంచాయన." కిటికీ ఊచ పట్టుకుని, "నువ్వు ఎన్నిసార్లు అడిగినా ఇంతకంటే చెప్పటం నాకు రాదు," అంది.

నేను ఇంకా చాలా అడగాలి. ఆమె మొహం కిటికీ వైపు ఉంది. ఏడుస్తోందో లేదో నాకు కనిపించలేదు. కుచ్చు కోసం ఏడ్చిందా, ఆయన కోసమా? అసలు ఏడ్చిందా? భుజం మీద చెయ్యి వేద్దామని ఎత్తి, ఎక్కడ వెయ్యాలో తెలియక, పెట్టె మీద వేశాను.

మూడంతస్తులూ పెట్టెకి చెరో వైపు పట్టుకుని ఎక్కాం. లోపల మా అమ్మాయి గది నిండా పుస్తకాలు పరుచుకుని, మంచం మీద బోర్లా పడుకుని రాసుకుంటోంది. వదినని చూసి లేచి కూర్చుంది. "అత్తా! మావయ్యతో…" నా మొహం చూసి ఆగిపోయి, గబగబా పుస్తకాలు పోగుచెయ్యటం మొదలుపెట్టింది.

"అన్నీ తియ్యకు, సగం జరుపు," అన్నాను. "ఇద్దరూ పడుకోవచ్చు."

అది అటూ ఇటూ చూసి, మంచానికి ఒక పక్క ఖాళీ చేసింది. నేను పెట్టె మంచం మీద పెట్టి తెరిచాను. పొద్దున నేను సర్దిందే కనక ఏది ఎక్కడుందో నాకే తెలుసు. మడతలు చెదరకుండా ఒక్కోటీ తీసి అలమరలో పెడుతున్నాను.

వదిన గుమ్మం దాటి లోపలికి రాలేదు. "ఎందుకవన్నీ తీస్తావు? పైవి రెండు జతలు తియ్యి చాలు. వారంలో ఎక్కడన్నా చిన్న గది చూసుకుంటాను. దీని పరీక్షలు కూడా దగ్గరికొచ్చాయి."

వానాకాలం మొదలైనప్పటినుంచీ నేను వినాలని ఎదురుచూసిన మాట అది. విన్నాను. నా ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో, ఎందుకో తెలియదు.

"ఈ వానల్లో ఎక్కడికి పోతారు?" అని కసిరాను.

మా అమ్మాయి కిటికీ వైపు చూసింది. వదిన కూడా చూసింది. బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. ఎదురింటి మేడ మీద పక్కబట్టలు ఎండి, గాలికి ఫట్‌ఫట్‌మని కొట్టుకుంటున్నాయి.

నేను తల తిప్పకుండా పెట్టె అడుగునున్న ఆఖరి జత కూడా బయటికి తీశాను.